ఒక్కటే కొట్టాను

ఆదివారం, జూన్ 9, 2024

చాలా ఏళ్ళకి తెలుగులో రాస్తున్నాను. చేయి తిరగడం లేదు. మా నాన్న యర్రయ్య రేవులో మూటలు మోసి వచ్చాక వంటింటి గోడ మీద బొగ్గుతో దిద్దించిన అక్షరాలు ఇవి. మా హైమకి మాట్లాడటం వచ్చు గాని చదవడం రాదు. ఈ బర్మా దేశంలో, చిమిండైంగ్‌లో మా వీధిలో ఇంకెవరికీ రాదు. అందుకే ఇందులో రాస్తున్నాను.

ఈ మధ్యాహ్నం హైమ తనతో పనిచేసే అమ్మాయిని అన్నానికి తీసుకొచ్చింది. ఇద్దరిదీ లైంగ్‌థార్యార్‌లో ఒకే కుట్టు ఫ్యాక్టరీ. అమ్మాయి పేరు సుయి. చిన్ కొండల నుంచి వచ్చిన పిల్ల. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. తల వంచుకుని తింది. చేయి కడుక్కున్నాక నన్ను బాబాయిని పిలిచినట్టు "ఊలే" అని పిలిచి బర్మా భాషలో అడిగింది.

"ఊలే, 'ఎక్కు ఎక్కు' అంటే ఏమిటి?"

చెప్పాను. బండి ఎక్కమనడం అన్నాను.

"నాకు ఏడేళ్ళప్పుడు మా ఊరికి లారీ వచ్చింది. చదువు చెప్పిస్తామని పిల్లల్ని తీసుకెళ్ళడానికి. డ్రైవరు నల్లగా ఉన్నాడు, బర్మావాడు కాదు. మా అన్న వాన్ లియాన్‌ని చంకల కింద పట్టుకుని పైకి లేపుతూ ఆ మాట అన్నాడు. అది ఏ భాషో ఇరవై ఏళ్ళ నుంచి కనబడినవాళ్ళనల్లా అడుగుతున్నాను. మొన్న ఫ్యాక్టరీ బండి దగ్గర హైమ అక్క వెనకవాళ్ళని 'ఎక్కు, ఎక్కు' అంది. అది ఏ భాషని తననే అడిగాను."

హైమ నవ్వుతూనే నా వైపు తిరిగింది. "నాన్నా, అప్పుడు నువ్వు కొండలకి లారీ తోలేవు గదా?"

"నేదు. నాను మాండలే దాటి ఎల్లనేదు" అన్నాను.

ఈ దేశంలో తెలుగు డ్రైవర్లు ఎంతమంది లేరు. ఎవరో అయ్యుంటాడు.

సోమవారం, జూన్ 10

బాగా నిద్రపట్టింది.

బుధవారం, జూన్ 12

నిద్రపట్టలేదు. నిన్నా, మొన్నా కూడా.

ఆ పిల్లల్ని పెట్టిన హాస్టలు సంగతి ఒకసారి రాసేస్తే తల్లోంచి పోతుందేమో. లైంగ్‌థార్యార్ దాటాక పొలాల మధ్య ఉండేది. 2001 నుంచి 2003 దాకా అక్కడ లారీ తోలాను. బియ్యం మూటలు తెచ్చేవాణ్ణి. ఏడాదికి ఒకసారి కొండల మీదకి వెళ్ళి పిల్లల్ని తెచ్చేవాణ్ణి. మూడు రోజుల దారి. దారిలో కడుపు నిండా తిండి పెట్టించేవాణ్ణి. ఇది నిజం.

వచ్చిన రోజే గుండు కొట్టించేవారు. మెడలో సిలువ ఉంటే తీసేసేవారు. బర్మా పేరు పెట్టేవారు. వాళ్ళ మాట మాట్లాడితే దెబ్బలు. మరి క్రమశిక్షణ అంటే అంతే కదా. నాకు మాత్రం బళ్ళో మ్యా మౌంగ్ అని పేరు పెట్టలేదా? ఇంట్లో గోవిందు, బయట మ్యా మౌంగ్. నేను చచ్చిపోయానా?

హాస్టలు పెద్దని అందరం సయాజీ అనేవాళ్ళం, పెద్ద పంతులుగారని. కోపిష్టి. మనిషి చెడ్డవాడని అనను.

సుయి అన్న పేరు వాన్ లియాన్. హాస్టల్లో తాన్ ఆంగ్ అని పిలిచేవారు. పదకొండేళ్ళు. 2003 వానాకాలంలో జ్వరంతో పోయాడు. ఆ ఏడు అందరికీ జ్వరాలే.

జ్వరం.

ఆదివారం, జూన్ 16

ముందు పన్ను ఒకటి ఊడింది. ఇంకొకటి కదులుతోంది.

పొద్దున్న తొమ్మిదింటికి సుయి మళ్ళీ వచ్చింది. వెంట ఒక మనిషి. జా థాంగ్ అట, వాళ్ళ అన్నతో పాటు ఆ హాస్టల్లో ఉన్నవాడు. ముప్పైమూడేళ్ళు, ఎడమ మోచేయి వంకర, ఎడమ చెవి వినబడదు. గుమ్మంలోనే నన్ను చూసి ఆగిపోయాడు.

"వీడే" అన్నాడు. "లారీవాడు."

కూర్చోమనేలోపే పిడికిలితో నోటి మీద కొట్టాడు. వెనక్కి పడ్డాను. కడుపులో తన్నాడు. లేవబోతే మళ్ళీ తన్నాడు. నీళ్ళ కుండ పగిలి ఆ పెంకుల మీదే దొర్లాను. సుయి గోడకి ఆనుకుని చూస్తూ నిలబడింది. ఆపలేదు. హైమ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి అతని మెడ పట్టుకుని వెనక్కి లాగింది.

"ఏటిది? ఎందుకు కొడతన్నావు మా నాన్నని?" తెలుగులోనే అరిచింది, తర్వాత బర్మాలో.

అతను రొప్పుతూ చెప్పాడు. "మీ నాన్ననే అడుగు. మా భాషలో మాట్లాడితే నాలుక మీద సున్నం రాసేవారు. కంకర మీద మోకాళ్ళతో నిలబెట్టేవారు. నా చేయి అక్కడే విరిచారు. వాన్ లియాన్ పారిపోతే పట్టుకొచ్చి నీళ్ళ ట్యాంకు స్తంభానికి కట్టారు. నలభైమందిమి వరసగా నిలబడి చూశాం. సయాజీ చేయి నొప్పెట్టి కర్ర ఎవరికిచ్చాడో అడుగు."

హైమ నా వైపు చూసింది.

"ఒక్కటే కొట్టాను" అన్నాను. నోట్లో రక్తం. "ఆయన సేతికిచ్చేడు. ఒక్కటే. గట్టిగా కాదు."

అప్పుడు హైమ అతని మెడ వదిలేసింది.

వాళ్ళకి కావలసింది ఒక్కటే. తిరిగి ఇళ్ళకి చేరని పిల్లల పేర్లు తొమ్మిది జా థాంగ్ పుస్తకంలో ఉన్నాయి. ఆ నేల ఎవరో ఫ్యాక్టరీకి కొన్నారు. వచ్చే నెల బుల్‌డోజర్లు మట్టి నింపుతాయి. తర్వాత సిమెంటు. ఈలోగా ఎముకలు తీయాలి. పూడ్చిన చోటు ఎక్కడ అని అడిగాడు.

నాకు తెలియదన్నాను.

వెళ్ళేముందు సుయి వంగి నా మొహం దగ్గరగా చూసింది.

సోమవారం, జూన్ 17

స్నానాల గదిలో జారిపడ్డానని పక్కింటివాళ్ళకి చెప్పాను. హైమ పక్కనే ఉంది.

బుధవారం, జూన్ 19

సయాజీ మనిషి వచ్చి, మార్కెట్ దగ్గర టీ కొట్టుకి రమ్మని కబురు చెప్పాడు. వెళ్ళాను. వెళ్ళకపోతే వాళ్ళే ఇంటికొస్తారు.

ఇరవై ఏళ్ళు గడిచినా మనిషి గట్టిగానే ఉన్నాడు. జుట్టు తెల్లబడింది. ఇప్పుడు ఆయన చుట్టూ ఎప్పుడూ నలుగురు కుర్రాళ్ళుంటారు. చొక్కాల కింద ఏముందో అందరికీ తెలుసు. నాకు టీ తనే పోశాడు.

"మ్యా మౌంగ్, మూతి ఏమైంది?"

"జారిపడ్డానండి."

"నాకు చెప్పవచ్చు. కొండవాళ్ళు ఎవరో ఏవో పేర్లు రాస్తున్నారట. ఆ పేర్ల పక్కన నీ పేరు లేదనుకుంటున్నావా? లారీ తోలింది నువ్వు. పిల్లాణ్ణి తెచ్చింది నువ్వు. పూడ్చింది నువ్వు." నా భుజం మీద చేయి వేశాడు. "నీ కూతురు ఏ ఫ్యాక్టరీలో చేస్తోంది? లైంగ్‌థార్యార్‌లోనే కదా. ఫ్యాక్టరీ బండి సాయంత్రం ఏ మూల దింపుతుంది?"

మూల పేరు ఆయనే చెప్పాడు. సరిగ్గానే చెప్పాడు.

"కొట్టినవాడి పేరేమిటి?"

కుర్రాళ్ళలో ఒకడు టీ గ్లాసు చేతిలో తిప్పుతున్నాడు.

జా థాంగ్ అని చెప్పాను. ఎక్కడుంటాడంటే, సైకిళ్ళు బాగుచేసే షెడ్డు వెనక అద్దె గది అని ఆదివారం సుయి హైమతో అనగా విన్నది చెప్పాను.

పేరులో ఏముంది. వాళ్ళకి తెలిసే ఉంటుంది. నన్ను పరీక్షించడానికి అడిగారు, అంతే.

శనివారం, జూన్ 22

నేను చెప్పకపోయినా వాళ్ళకి తెలిసేదే.

గురువారం, జూన్ 27

నిన్న సాయంత్రం జా థాంగ్‌ని గదిలోంచి ఈడ్చుకుపోయారట. హైమ పని నుంచి వచ్చి చెప్పింది. వీధంతా చూస్తుండగానే తుపాకీ మడమతో మొహం మీద కొట్టారట. పేర్లు రాసుకున్న పుస్తకం కూడా పట్టుకుపోయారు.

"ఎవలు సెప్పేరో ఆ గది" అంది హైమ.

అన్నం కలుపుతూ కూర్చున్నాను. కంచం పక్కకి తోశాను. పన్ను నొప్పి అన్నాను.

ఆదివారం, జూన్ 30

దొరికాడు. ఫ్యాక్టరీల వెనక మురుగు కాలవలో. చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి. కుడిచేతి వేళ్ళు అయిదూ విరిచేశారు. నాలుక లేదు.

శవాన్ని కడగడానికి సుయి వెళ్ళింది. హైమ తోడు వెళ్ళింది. తిరిగొచ్చి చేతులు సబ్బుతో రుద్దుతూ చాలాసేపు పంపు దగ్గరే ఉండిపోయింది.

సోమవారం, జూలై 1

వాన.

బుధవారం, జూలై 3

ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తాను. ఇదివరకు రాసినవి కొట్టేయను. అలాగే ఉండనీ.

2003 ఆగస్టులో ఒకరోజు మధ్యాహ్నం బియ్యం దింపి ఖాళీ లారీ తోలుకుని ఊళ్ళోకి బయల్దేరాను. లైంగ్ నది వంతెన దాటి టీకి ఆగాను. టైరు చూద్దామని వెనక్కి వెళితే టార్పాలిను కదిలింది. లోపల పిల్లాడు. వాన్ లియాన్. రెండు రోజులుగా వాడికి తిండి మాన్పించారు, వాళ్ళ భాషలో పాట పాడాడని. నన్ను చూసి అరవలేదు. చొక్కా పట్టుకుని "కా ను, కా ను" అన్నాడు. బర్మా మాట గుర్తురాలేదు పాపం. కొండలవైపు చేయి చూపించాడు.

జ్వరం లేదు. ఒళ్ళు చల్లగా ఉంది. చెయ్యి పట్టుకుని చూశాను కాబట్టి తెలుసు.

బస్సుస్టాండు అక్కడికి దగ్గరే. ఉత్తరం వెళ్ళే బస్సులో కూర్చోబెట్టి కండక్టరుతో ఒక మాట చెబితే సరిపోయేది. ఆ ఆలోచన వచ్చింది. వచ్చిందని ఒప్పుకోవాలి. పిల్లాడు కనబడకపోతే చివర వెళ్ళిన డ్రైవరు జవాబు చెప్పాలని సయాజీ మాట. హైమకి అప్పుడు తొమ్మిదేళ్ళు, తల్లి పోయి ఆరు నెలలు.

లారీ వెనక్కి తిప్పాను.

వాణ్ణి స్తంభానికి కట్టారు. సయాజీ మిల్లు బెల్టుతో మొదలుపెట్టి తర్వాత కర్ర తీసుకున్నాడు. వాడు "కా ను" అన్నప్పుడల్లా, ఆ భాష మాట్లాడినందుకు ఇంకొకటి. చేయి నొప్పెట్టి నాకిచ్చాడు. ఒకటి కొట్టాను. మెల్లగా కొట్టానని మళ్ళీ కొట్టమన్నాడు. కొట్టాను. ఎన్ని కొట్టానో లెక్కపెట్టలేదు. ఆగమని ఎవరూ అనకపోతే చేయి దానంతటదే ఆడుతుందని ఆ రోజే తెలిసింది. కర్ర విరిగింది. తల వాలిపోయింది. కాసేపయ్యాక గాని నేను ఆగలేదు.

చాపలో చుట్టి కాలవ తూము పక్కన పూడ్చాను. సయాజీ గట్టు మీద నిలబడి సిగరెట్టు కాల్చాడు.

ఒక్కటే కొట్టానని నా పెళ్ళాం ఫొటో ముందు కూడా చెప్పుకున్నాను.

గురువారం, జూలై 4

నిన్న రాసింది ఈ పొద్దున్న హైమకి చదివి వినిపించాను. జా థాంగ్ గది ఎవరు చెప్పారో కూడా చెప్పాను. అది చదవలేదు, నోటితో చెప్పాను.

హైమ లేచొచ్చి నా చెంప మీద కొట్టింది. రెండో చెంప మీద కూడా. తర్వాత తన చేతినే చూసుకుంటూ నిలబడింది.

"సుయికి నువ్వు సెప్పు" అన్నాను. "నాను సెప్పలేను."

"నేదు. నువ్వే సెప్తావు. నాను పక్కన నిలబడతాను. అంతే."

సాయంత్రం సుయి వచ్చింది. బల్లకి అటూ ఇటూ కూర్చున్నాం. మొదటినుంచి చివరిదాకా చెప్పాను. బల్ల మీద నా చేయి చాచి ఉంది. సుయి నడుముకి వేలాడే దారాలు కత్తిరించే చిన్న కత్తెర తీసి నా అరచేతిలో దించింది. మొన బల్లకి దిగింది. అరిచాను. తను లాగలేదు, పిడి పట్టుకునే కూర్చుంది.

"'కా ను' అంటే 'మా అమ్మ' అని" అంది. "ఇప్పుడు చెప్పు. తూము ఎక్కడ?"

చెప్పాను. అప్పుడు కత్తెర లాగింది. హైమ నా చేతికి గుడ్డ చుట్టింది. కళ్ళెత్తి నా మొహం చూడలేదు.

శుక్రవారం, జూలై 12

చేయి చీము పట్టింది. మందు వేసుకుంటున్నాను. బుల్‌డోజర్లు గేటు వైపు నుంచి మొదలుపెట్టాయి. ఆదివారం పని ఉండదు. మా అక్క తులసమ్మ కొడుకు జోగి లైన్‌కార్ తోలతాడు, వెనక బెంచీలు వేసి జనాన్ని ఎక్కించుకునే చిన్న బండి. వాడికి అంతా చెప్పి అడిగాను.

"ఆల్లు సంపేత్తారు మామా" అన్నాడు.

"బండి ఇచ్చేసి నువ్వు ఇంటికెల్లిపో."

"బండి నాది. నానే తోల్తాను."

సోమవారం, జూలై 15

తామ్వేలో మా అక్క ఇంట్లో ఉన్నాం. ఎడమ భుజం ఎముక విరిగింది. కుడిచేతికి కత్తెర గాయం. అయినా రాయాలి.

నిన్న పొద్దున్న పదిన్నరకి వెళ్ళాం. జోగి, హైమ, సుయి, నేను. సన్నగా వాన. కంచె వెనకవైపు పడిపోయి ఉంది. హాస్టలు గోడలు లేవు, ట్యాంకు స్తంభం లేదు. తూము మాత్రం ఉంది, సిమెంటు పాచిపట్టి. దాని అంచు నుంచి నాలుగడుగులు వేసి "ఇక్కడ" అన్నాను.

తర్వాత ఇంకో రెండు చోట్లు చూపించాను.

సుయి పార పట్టుకుని నా వైపు చూసింది. "అవేమిటి?"

"ముందు ఏడాది ఇద్దరు. వాళ్ళకి నిజంగానే జ్వరం. డాక్టరుని పిలవలేదు. వాళ్ళని కూడా నేనే పూడ్చాను."

"పేర్లు?"

హాస్టల్లో పెట్టిన పేర్లే నాకు తెలుసు. అసలు పేర్లు ఎప్పుడూ అడగలేదు. జా థాంగ్ పుస్తకంలో ఉండి ఉంటాయి.

జోగి, సుయి తవ్వారు. నేను ఒంటి చేత్తో మట్టి తోశాను. నడుం లోతుకి చాప పీచు తగిలింది. తర్వాత చొక్కా గుండీలు. తర్వాత ఎముకలు, గోధుమ రంగులో, సన్నగా. సుయి పార పడేసి చేతులతో తీసింది. ఒక ముంజేతి ఎముక మధ్యలో అతుక్కున్నట్టు వంకరగా ఉంది. దాన్ని వానలో పట్టుకుని తుడిచి, బుగ్గకి ఆనించుకుంది.

"ఈ చేయి నాకోసం విరిగింది" అంది. "నాకు పండ్లు కోయడానికి చెట్టెక్కి పడ్డాడు." "అన్నా, అన్నా" అని వాళ్ళ భాషలో పిలిచింది. తర్వాత ఏడుపు. అలాంటి ఏడుపు నేను వినలేదు. హైమ ఫోనుతో ఫొటోలు తీస్తూనే ఏడ్చింది.

అన్నీ హైమ తెచ్చిన కొత్త దుప్పట్లో పెట్టాం. రెండో చోట పార వేయబోతుంటే గేటు వైపు నుంచి జీపు వచ్చింది. కాపలావాడు ఫోన్ చేసి ఉంటాడు. అయిదుగురు దిగారు. సయాజీ జీపులోనే కూర్చుని కిటికీ దించాడు.

మాటలేమీ లేవు. జోగిని ఇనప రాడ్డుతో మోకాలి మీద కొట్టారు. వాడు పడిపోయాక కూడా కొట్టారు. ఒకడు సుయి జుట్టు పట్టి దుప్పటి లాగాడు. సుయి వదల్లేదు. వాడి చేయి కొరికింది, మాంసం ఊడేలా కొరికింది. వాడు సుయి తల తీసుకెళ్ళి తూముకేసి కొట్టాడు. నేను అడ్డం వెళితే రాడ్డు నా భుజం మీద పడింది. ఎముక విరగడం చెవికి వినబడింది. హైమ పారతో వాడి వీపు మీద కొట్టింది. మా హైమ. ఈగని కొట్టదు.

నన్ను చచ్చిన పాము కింద వదిలేశారు. పాక్కుంటూ బండి దగ్గరకి వెళ్ళాను. తాళం బండికే ఉంది. ఒంటి చేత్తో గేరు వేశాను. వాళ్ళ మీదకి నేరుగా తోలాను. నలుగురు దూకారు. ఒకడు దూకలేదు, జోగిని తన్నుతూ వెనక్కి తిరిగి ఉన్నాడు. ముందు చక్రం పైకి లేచి దిగింది. ఏదో విరిగిన చప్పుడు. ఆపకుండా ముందుకి పోనిచ్చి జీపు తలుపుకి గుద్దాను. సయాజీ అద్దం వెనక నోరు తెరిచి అరుస్తున్నాడు. ఆయన భయపడటం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ గందరగోళంలో హైమ, సుయి జోగిని ఈడ్చి బండిలో పడేశారు. దుప్పటి సుయి ఒళ్ళోనే ఉంది. తన నెత్తురు దాని మీద కారుతోంది. గతుకుల్లో ఎక్కడా ఆపలేదు.

చక్రం కింద పడినవాడు ఎవరో నాకు తెలియదు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. వాడికీ తల్లి ఉండి ఉంటుంది. ఒక పిల్లాడి ఎముకల కోసం ఇంకొక పిల్లాణ్ణి తొక్కాను. తప్పని రాయాలో కాదని రాయాలో తెలియక ఊరికే రాస్తున్నాను.

మంగళవారం, జూలై 16

చిమిండైంగ్‌లో మా ఇల్లు పగలగొట్టారు. సామానంతా వీధిలో పోసి తగలబెట్టారట. జోగి కాలు తీసేయాలంటున్నారు. అక్క నాతో మాట్లాడటం లేదు. అన్నం మాత్రం పెడుతోంది.

నేలలో మిగిలిన ఆ ఇద్దరి మీదా నిన్న పొద్దున్నే మట్టి పోసి చదును చేశారు. ఫ్యాక్టరీలో పనిచేసే ఒకావిడ చూసి చెప్పింది.

గురువారం, జూలై 18

ఈ రోజు మధ్యాహ్నం సుయి తన తల్లితో మాట్లాడింది. ఆవిడ సరిహద్దు దాటి మిజోరంలో శరణార్థుల గుడిసెల్లో ఉంటోంది. కొండ మీద సిగ్నలు ఉన్నచోటికి ఎవరో నడిపించుకొచ్చారట. ఎముకలు దొరికాయని సుయి చెప్పింది. ఆవిడ ఏడుపు ఫోనులోంచి గది అంతా నిండింది. హైమ బయటికి వెళ్ళిపోయింది. చాలాసేపయ్యాక సుయి ఫోను నా ముందు బల్ల మీద పెట్టింది.

"మా అమ్మ నిన్నొక మాట అడుగుతుందట. నేను బర్మాలో చెబుతాను. నువ్వు చెప్పింది చెప్పినట్టు తనకి చెబుతాను."

ఆవిడ గొంతు సన్నగా ఉంది. ఎందుకు కొట్టావని అడుగుతుందనుకున్నాను. ఎన్ని కొట్టావని అడుగుతుందనుకున్నాను.

"నా కొడుకు ఆకలితో పోయాడా అని అడుగుతోంది" అంది సుయి.

ఇది నేను ఇక్కడ కూడా రాయలేదు. టీ కొట్టు దగ్గర వాడికి పలాటా, అంటే మన పరోటా, ఇప్పించాను. వేడివేడిగా, పంచదార చల్లి. లారీలో నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. రెండు రోజుల నుంచి తినని పిల్లాడు. ఆ సంబరానికి ఎటు వెళ్తున్నామో చూడలేదు. సగం తిన్నాడు. మిగతా సగం చేతిలో ఉండగా వంతెన కనబడింది. అప్పుడు తెలిసింది వాడికి. ఆ సగం వాడు తినలేదు. స్తంభానికి కట్టేదాకా గుప్పిట్లోనే ఉంది.

అదే చెప్పాను. సుయి మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది, మళ్ళీ చెప్పింది.

తర్వాత ఆవిడ మాట్లాడింది. సుయి మొహం తుడుచుకుని నాకు చెప్పింది.

"సగమైనా తిన్నాడు కదా అంటోంది. నిన్ను క్షమించనంటోంది. చచ్చేదాకా క్షమించదట. అయితే నీ మొహం కనబడేలా ఇదంతా అందరికీ చెప్పమంటోంది. మిగతా తల్లులు కూడా వినాలంటోంది. వాళ్ళ పిల్లల గురించి ఎవరూ ఇంతమాత్రం కూడా చెప్పలేదట."

శుక్రవారం, జూలై 19

అక్క అంది: "మొగం సూపిత్తే నిన్ను బతకనిత్తారేట్రా?"

"నన్ను ఇరవై ఏల్లు బతకనిచ్చేరు గదే అక్కా."

అక్క నా భుజానికి కట్టు మార్చింది.

ఆదివారం, జూలై 21

వాన్ లియాన్‌ని సుయి, వాళ్ళ మనుషులు పొద్దున్నే తీసుకెళ్ళారు. ఎక్కడికో అడగలేదు. నేను అడగకూడదు. పెట్టె చిన్నది. గుమ్మం దాటేటప్పుడు మా అక్క చెప్పులు విప్పి నిలబడింది.

సుయి సరిహద్దు వైపు వెళ్ళిపోతుంది. హైమ కూడా వెళ్తానంటోంది, ఫొటోలన్నీ తన ఫోనులోనే ఉన్నాయి. వెళ్ళమన్నాను. నేను వెళ్ళను. జోగి కాలు నిన్న తీసేశారు. వాడి పక్కన ఎవరో ఒకరు ఉండాలి. ఇంకా ఎవరైనా తల్లి అడగడానికి వస్తే ఈ ఊళ్ళో నేనుండాలి.

పదకొండు గంటలకి కిటికీ తెరిచి వెలుతురులో కూర్చున్నాను. చొక్కాకి గుండీలు అక్క పెట్టింది. హైమ ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఫోను పట్టుకుంది. బర్మాలో మొదలుపెట్టాను. నా పేరు గోవిందు, తండ్రి యర్రయ్య, కార్డు మీద మ్యా మౌంగ్. ఫలానా ఏళ్ళలో ఫలానా హాస్టల్లో లారీ తోలాను. సయాజీ పేరు పూర్తిగా చెప్పాను. జా థాంగ్ గది చూపించింది నేనేనని చెప్పాను. పేర్లు తెలియని ఇద్దరు ఎక్కడున్నారో చెప్పాను. ఒక పిల్లాడు పారిపోయాడని, వాణ్ణి పట్టుకొచ్చారని, దెబ్బలకి పోయాడని చెప్పాను.

హైమ ఫోను దించింది.

"ఇలాగ కాదు" అంది. "ఎవలో పట్టుకొచ్చినట్టు సెప్పకు. ఎవలో కొట్టినట్టు సెప్పకు. ఆడి పేరుతో సెప్పు. మొదట్నుంచి."

నీళ్ళు తాగాను. హైమ మళ్ళీ ఫోను ఎత్తింది. కింద వీధిలో ఏదో బండి ఆగిన చప్పుడైంది. ఇద్దరం విన్నాం. తను కదల్లేదు.

"వాన్ లియాన్‌కి పదకొండేళ్ళు" అన్నాను. "నా లారీలో దాక్కున్నాడు. పలాటా తింటూ నా పక్కనే కూర్చున్నాడు. నేను లారీ వెనక్కి తిప్పాను. అప్పటికి వాడు బతికే ఉన్నాడు."